కాపరి తడబడినప్పుడు దేవుణ్ణి నమ్ముకుని నిలబడడం ఎలా

సంఘ నాయకుడి మీద ఆరోపణ బయటికొచ్చిన వారంలో అందరి నోటా ఒకే మాట వినిపిస్తుంది: "ప్రార్థన చేద్దాం, ప్రభువు చూసుకుంటాడు." మాట నిజమే. కానీ చాలాసార్లు ఆ మాట తర్వాత ఎవరూ మోకరించరు. అడిగేవాళ్ళ నోరు మాత్రం మూతపడుతుంది. అందుకే దేవుణ్ణి నమ్మడమంటే ఆ వారంలోనూ, ఆ తర్వాతి నెలల్లోనూ ఏమేం చేయాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను మా సంఘంలో చాలాకాలంగా కానుకల లెక్కలు రాసే మనిషిని. ఆదివారం పిల్లలకు పాఠం కూడా చెబుతాను. మా సంఘమూ ఇలాంటి రోజులు చూసింది. ఏం జరిగిందో ఇక్కడ చెప్పను. దెబ్బతిన్నవాళ్ళు ఇంకా మా మధ్యే ఉన్నారు, అది వాళ్ళు చెప్పుకోవాల్సిన సంగతి. ఆ రోజుల్లోంచి నాకు మిగిలింది ఒక్క నమ్మకం: దేవుని పరువు కాపాడే పని ఆయన మనకు అప్పగించలేదు. ఇది మనసుకు పట్టిందంటే భయం సగం దిగిపోతుంది. నిజం వినగలుగుతాం, చెప్పగలుగుతాం, ఆదివారం పాట కూడా పాడగలుగుతాం.

మొదట సమూయేలు మొదటి గ్రంథం తెరవండి

ఓదార్పు వచనాల కోసం వెతికే ముందు 1 సమూయేలు 1 నుంచి 6 అధ్యాయాల దాకా ఒకే విడతలో చదవండి. పిల్లలకు మనం చెప్పేది హన్నా ప్రార్థన, చిన్న సమూయేలు నిద్రలేవడం, అంతవరకే. మధ్యలో ఉన్నదాన్ని దాటేస్తాం. ఆ మధ్యలో ఉన్నదే మనకిప్పుడు కావాలి.

హన్నా, ఆమె భర్త ఎల్కానా ఏటేటా దేవుని మందిరమున్న షిలోహుకు వెళ్ళేవాళ్ళని చెప్పిన వెంటనే అదే వచనం ఇంకో మాట చెబుతుంది: అక్కడ పెద్ద యాజకుడు ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు యాజకులుగా ఉన్నారు. ఆ ఇద్దరూ ఎలాంటివాళ్ళో రెండో అధ్యాయంలో ఉంది. బలి మాంసాన్ని జనం దగ్గర బలవంతంగా లాక్కునేవాళ్ళు. గుడారపు ద్వారం దగ్గర సేవ చేసే స్త్రీలతో పాపం చేసేవాళ్ళు. తండ్రికి తెలుసు. మందలించాడు, అంతకుమించి ఏమీ చేయలేదు. దేవుడు ఏలీని తప్పుపట్టింది సరిగ్గా ఆ విషయంలోనే: కొడుకులు శాపగ్రస్తులవుతున్నారని తెలిసి కూడా అడ్డుకోలేదు అన్నాడు.

హన్నా ఏడ్చింది ఆ మందిరంలోనే. ఆమె పెదవులు కదలడం చూసి, తాగి వచ్చిందనుకున్నాడు పెద్ద యాజకుడు. దేవుడు మాత్రం సరిగ్గానే విన్నాడు. నాయకులు చెడిపోయిన చోట మన ప్రార్థన అందుతుందా అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ పేజీనే. యాజకుడు పొరబడ్డా ప్రార్థన దారి తప్పలేదు.

తర్వాత నాలుగో అధ్యాయం. శత్రువులైన ఫిలిష్తీయుల చేతిలో ఓడిన జనం ఒక ఉపాయం పన్నారు, దేవుని సన్నిధికి గుర్తుగా ఉన్న పెట్టెను, మందసాన్ని, యుద్ధానికి తెచ్చుకున్నారు. లోపల ఉన్న కుళ్ళును ముట్టుకోకుండా దేవుని పేరును ముందు నిలబెట్టారన్నమాట. ముప్ఫై వేలమంది కాల్బలం కూలింది. హొఫ్నీ, ఫీనెహాసు చచ్చారు. మందసం శత్రువు చేతికి పోయింది. ఆ వార్త విని 98 ఏళ్ళ ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు.

దేవుని పరువు పోయినట్టే ఉంది కదా? అయిదో అధ్యాయం చదవండి. కాపలా ఒక్కడు లేడు, యాజకుడు లేడు, సైన్యం లేదు. ఫిలిష్తీయుల దేవుడు దాగోను విగ్రహం దానంతటదే మందసం ముందు బోర్లా పడింది. ఎత్తి నిలబెడితే మర్నాడు తల, చేతులు తెగి గడప మీద పడున్నాయి. ఏడు నెలలకు శత్రువులే బతిమాలుకుని పంపించారు. రెండు పాడి ఆవులు, తోలేవాడు లేని బండి, తిన్నగా బెత్షెమెషు దారి. దేవుడు శత్రువు ఇంటికి ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చాడు.

"ఈ విషయం బయటికి పొక్కితే దేవుని నామానికి అవమానం" అని ఎవరైనా మీతో అంటే ఈ అధ్యాయాలు గుర్తుచేయండి. దావీదు బత్షెబ విషయంలో చేసింది, పేతురు ప్రమాణం చేసి మరీ బొంకింది, ఏదీ దాచకుండా రాయించిన దేవుడాయన. మన కమిటీ మినిట్స్ పుస్తకం కంటే బైబిలు ఎంతో నిజాయితీ గల పుస్తకం.

ఏ రకం సంక్షోభమో తేల్చుకోండి

అన్నిటికీ ఒకే మందు వేస్తే రోగం ముదురుతుంది. నాయకులు గొడవపడడం వేరు, నాయకుడు దారి తప్పడం వేరు, నాయకుడు మనుషుల్ని గాయపరచడం వేరు.

పౌలు, బర్నబా మార్కు అనే యోహాను విషయంలో ఎంత తీవ్రంగా వాదులాడుకున్నారంటే, ఇద్దరూ చెరో దారి పట్టారు. అపొస్తలుల కార్యములు 15లో ఉంది. ఎవరిది తప్పో లూకా చెప్పలేదు. ఇలాంటప్పుడు ఇద్దరినీ గౌరవించవచ్చు, వర్గం కట్టక్కరలేదు, కాలానికి కొంత వదిలేయవచ్చు. ఏళ్ళ తర్వాత అదే మార్కును తీసుకురమ్మని, తన పరిచర్యకు పనికొస్తాడని పౌలే రాశాడు.

అంతియొకయలో కేఫా, అంటే పేతురు, చేసింది వేరు. యెరూషలేము నుంచి మనుషులు వచ్చేదాకా అన్యజనులతో కలిసి భోజనం చేసి, వాళ్ళు రాగానే వెనక్కి తగ్గాడు. చూసి మిగతా యూదులు కూడా అదే బాట పట్టారు, చివరికి బర్నబా కూడా. తప్పు అందరి ముందు జరిగింది కాబట్టి పౌలు అందరి ముందే నిలదీశాడు. తర్వాత కేఫా నాయకత్వం ఆగిపోలేదు. దిద్దుకోగల తప్పును అప్పుడే, అక్కడే, మొహం మీదే దిద్దడం ఇది.

ఏలీ కొడుకులది మూడో రకం. అధికారాన్ని అడ్డంపెట్టుకుని బలహీనుల్ని వాడుకోవడం, తెలిసినవాళ్ళు కళ్ళు మూసుకోవడం. దీన్ని మొదటి రకంలా చూసి "ఇద్దరూ సర్దుకోండి" అనడం ఘోరం. పసిపిల్లల మీద గానీ, ఆడవాళ్ళ మీద గానీ అఘాయిత్యం, డబ్బు దొంగతనం, బెదిరింపు, ఇవి నేరాలు. నేరమైతే పోలీసుల దగ్గరికి వెళ్ళాలి. రోమా 13లో పౌలు అధికారుల్ని దేవుని పరిచారకులన్నాడు. కీడు చేసినవాడికి వాళ్ళంటే భయం ఉండాలన్నాడు. సంఘ పెద్దల విచారణ ఆ పనికి బదులు కాదు. "ముందు మనలో మనం చూసుకుందాం" అంటూ గడిపిన ప్రతి వారం సాక్ష్యాలు చెరిగిపోయే వారం, మరో బిడ్డ ప్రమాదంలో ఉండే వారం.

ఫిర్యాదుగానే ప్రార్థించండి

మొదటి రోజుల్లో స్తుతి ప్రార్థన నోట రాకపోతే కంగారుపడకండి. 13వ కీర్తన ఆరు వచనాలే, మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు "ఎంతవరకు" అని అడుగుతుంది. 55వ కీర్తన శత్రువు దూషిస్తే సహించేవాణ్ణే అంటుంది, కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుడు చేశాడే అని కుమిలిపోతుంది. సంఘంలో దెబ్బతిన్నవాళ్ళకు అంతకంటే దగ్గరి మాట ఇంకోటి దొరకదు. 88వ కీర్తనయితే చీకటితోనే ముగుస్తుంది, వెలుగు రాకుండానే. అది కూడా ప్రార్థనే. అందుకే కీర్తనల్లో చోటు దక్కింది.

నేను ఎక్కువగా ఆశ్రయించింది హబక్కూకు ప్రవక్తను. మూడే అధ్యాయాల చిన్న పుస్తకం. మొదటి ఫిర్యాదు పరాయి దేశం మీద కాదు, తన సొంత జనం మీద. బలాత్కారం జరుగుతోంది, ధర్మశాస్త్రం పనిచేయడం లేదు, న్యాయం వంకర తిరిగింది, నువ్వేం చేస్తున్నావని దేవుణ్ణి నిలదీస్తాడు. దేవుని జవాబు ఆయనకు నచ్చదు, మళ్ళీ వాదిస్తాడు. తర్వాత కావలి గోపురం ఎక్కి జవాబు కోసం కనిపెడతాడు. మనం గోడల మీద రాసుకునే "నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును" అన్న మాట వచ్చింది ఆ ఎదురుచూపులోనే. ఆ మాటకు ముందు ఒక అధ్యాయం నిండా ఫిర్యాదు ఉంది. దాన్ని దాటేసి వచనాన్ని మాత్రం పట్టుకోవద్దు.

చేయాల్సిన పద్ధతి చెబుతాను. రోజూ ఒకే వేళకు కూర్చోండి. అయిదు నిమిషాలు చాలు. జరిగిందేమిటో, మీకు కోపం ఎవరి మీదో, భయం దేని గురించో పేరు పెట్టి దేవునికి చెప్పండి. తర్వాత ఒక కీర్తన పైకి చదవండి. మీకు మాటలు లేని రోజు ఆ కీర్తనే మీ ప్రార్థన. "జనులారా, యెల్లప్పుడు ఆయనయందు నమ్మికయుంచుడి, ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి" అంటుంది 62వ కీర్తన. కుమ్మరించమంది, ఏరి మంచివి మాత్రమే పెట్టమనలేదు. మా అత్తగారికి మా సంఘం గొడవల వివరాలు సగం కూడా తెలియవు. తెల్లవారుజామున ఆమె గొణుక్కునే మాట ఒకటే: "నీ ఇల్లు ప్రభువా, నువ్వే చూడు." వివరాలన్నీ తెలిసిన మాకంటే ఆమే బాగా నిద్రపోయేది.

"అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అన్నప్పుడు

నాయకుడు దేవుడు అభిషేకించి ఏర్పరచుకున్నవాడు, ప్రశ్నించకూడదు అనడానికి ఈ మాట తెస్తారు. మీకు తప్పకుండా ఎదురవుతుంది, కాబట్టి ముందే సిద్ధపడండి. 105వ కీర్తన 15వ వచనం అది. దాని చుట్టూ ఉన్న వచనాలు చదివితే ఎవరి గురించో తెలుస్తుంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా, పరదేశులుగా దేశం నుంచి దేశానికి తిరుగుతున్నప్పుడు వాళ్ళకు హాని చేయొద్దని దేవుడు రాజుల్ని హెచ్చరించాడు. బలం లేనివాళ్ళను బలవంతుల నుంచి కాపాడే మాట. దాన్ని తిప్పి బలవంతుడికి కవచంగా తొడగడం ఎంత అన్యాయమో చూడండి.

ఇంకో సంగతి. ఆ రాజుల్లో ఒకడు అబీమెలెకు. అబ్రాహాము తన భార్యను చెల్లెలని చెప్పి అతణ్ణి మోసపుచ్చినప్పుడు, అబీమెలెకు అబ్రాహామును పిలిచి "మాకెందుకిలా చేశావు" అని నిలదీశాడు. ఆదికాండం 20లో ఉంది. అభిషిక్తుణ్ణి ముట్టలేదు గానీ ప్రశ్న మాత్రం గట్టిగా అడిగాడు. దేవుడు దానికి అతణ్ణి తప్పుపట్టలేదు. ప్రవక్త నాతాను దావీదును నిలదీసినప్పుడు కూడా దావీదు అభిషిక్తుడే.

తనను చంపాలని చూసిన సౌలు రాజు మీద దావీదు చెయ్యి ఎత్తలేదన్నది నిజం. ఆ ఉదాహరణ తెచ్చేవాళ్ళతో మిగతా సగం కూడా చెప్పించండి. దావీదు పారిపోయాడు, ఆ తర్వాత సౌలు ఈటెకు అందేంత దూరంలో మళ్ళీ కూర్చోలేదు. గుహలోంచి బయటికొచ్చాక సౌలు మనుషులందరూ వినేలా, నన్నెందుకు తరుముతున్నావని కేక వేసి అడిగాడు. పగ తీర్చుకోకపోవడం, దూరంగా ఉండడం, బాహాటంగా అడగడం, మూడూ ఒకే మనిషిలో ఉన్నాయి.

అడగడం నేర్చుకోండి

నమ్మకం ఉన్నవాడు అడగగలడు. జవాబు ఎలా ఉన్నా దేవుడు కూలిపోడని తెలుసు కాబట్టి.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో మూడు వచనాలు వరుసగా ఉన్నాయి. 19: ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దు. 20: పాపం చేసేవాళ్ళను ఇతరులు భయపడేలా అందరి ఎదుట గద్దించు. 21: పక్షపాతంతో ఏమీ చేయొద్దు. నాయకుడి వైపు వాళ్ళకు 19 కంఠతా వచ్చు, కోపంతో ఉన్నవాళ్ళకు 20 వచ్చు, 21 ఎవరికీ గుర్తుండదు. మూడూ కలిపి చదవమని అడగండి.

మత్తయి 18ని కూడా ఇలాగే వాడతారు. "ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడాలి కదా" అని, గాయపడిన అమ్మాయిని గాయపరచినవాడి గదిలోకి పంపిస్తారు. అదే అధ్యాయం 6వ వచనంలో, చిన్నవారిని పాపంలో పడేసేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలని యేసు అన్నాడు. ఆ మాట పలికిన నోరు బాధితుల్ని మళ్ళీ ప్రమాదంలోకి తొయ్యమంటుందా? సహోదరుల మధ్య వచ్చే మామూలు తప్పులకు చెప్పిన దారి అది. అధికారం ఒకవైపే ఉన్న చోట మొదటి మెట్టు నుంచే పక్కన ఇంకొకరు ఉండాలి.

పెద్దలను అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మాటల్లో అడిగితే గొంతు వణుకుతుంది, అసలు సంగతి మర్చిపోతాం. విషయం మొదట ఎవరికి తెలిసింది, ఎప్పుడు? విచారణ ఎవరు చేస్తున్నారు, వాళ్ళలో నాయకుడి బంధువులు గానీ ఆయన నియమించినవాళ్ళు గానీ ఉన్నారా? విచారణ ముగిసేదాకా ఆయన బోధ చేస్తారా, చేయరా? దెబ్బతిన్నవాళ్ళను ఎవరు కలుస్తున్నారు, వాళ్ళకేం కావాలో అడిగారా? ఈలోగా సంఘం డబ్బు మీద ఎవరి సంతకం చెల్లుతుంది? సంఘానికి తర్వాతి కబురు ఏ తారీఖున చెబుతారు? బాధితుల పేర్లు మాత్రం అడగొద్దు. ఎవరైనా చెప్పబోయినా ఆపండి.

ఆఖరి ప్రశ్నకు కచ్చితంగా తారీఖు రాబట్టండి. "త్వరలో" అన్నది జవాబు కాదు. కబురు లేని చోటే పుకారు పెరుగుతుంది. చెప్పడానికి కొత్తది ఏమీ లేకపోయినా, ఆ రోజు నిలబడి "విచారణ ఇంకా నడుస్తోంది" అని చెప్పినా చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది.

లెక్కల గురించి నన్ను కాస్త మాట్లాడనివ్వండి, నా శాఖ కాబట్టి. యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయడానికి డబ్బు వస్తూనే ఉంది, 23వ ఏడు వచ్చినా బాగుపడలేదు. 2 రాజులు 12 చదవండి. రాజు ఎవర్నీ ఉరితీయలేదు, ఏర్పాటు మార్చాడు. మూతకు బెజ్జం పెట్టిన పెట్టెను బలిపీఠం పక్కన ఉంచారు. నిండినప్పుడు రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు! ఆడిటర్లు పుట్టకముందే బైబిల్లో ఉన్న ఆడిట్ ఇది. అదే అధ్యాయంలో కాస్త కింద, పని చేయించేవాళ్ళు నమ్మకస్తులు కాబట్టి వాళ్ళను లెక్క అడగలేదని ఉంటుంది. లెక్క చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ఆ వచనాన్నే చూపిస్తారు. అంతకుముందు పెట్టె దగ్గర ఇద్దరు నిలబడ్డ సంగతి వాళ్ళకు చదివి వినిపించండి.

పౌలు కూడా యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను ఒక్కడే మోసుకెళ్ళలేదు. తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా పంపాడు. ప్రభువు దృష్టిలోనే కాక మనుష్యుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని 2 కొరింథీ 8లో కారణం చెప్పాడు. "నన్ను నమ్మరా" అని అపొస్తలుడు అలగలేదు.

ఫోను సంగతి

"కట్టెలు లేనియెడల అగ్ని ఆరిపోవును, కొండెగాడు లేనియెడల జగడము చల్లారును." సామెతలు 26:20. వచ్చిన వాయిస్ మెసేజ్‌ను పంపే ముందు, ఈ మాట నేను కళ్ళారా చూశానా, దీన్ని అందుకునే మనిషి దీనితో ఏం చేయగలడు అని మిమ్మల్ని మీరే అడగండి. సాక్ష్యం ఉంటే దాన్ని విచారించేవాళ్ళకు ఇవ్వండి, సేవ్ చేసి దాచండి. గ్రూపులో వేయకండి. ఇంతే.

నా బాప్తిస్మం చెల్లుతుందా?

ఇది పైకి అడగడానికి సిగ్గుపడతారు గానీ చాలామంది మనసులో మెదిలే ప్రశ్న. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే, నా పెళ్ళి చేసింది ఆయనే, నేను మారుమనస్సు పొందింది ఆయన ప్రసంగం విని. ఇప్పుడు అదంతా అబద్ధమేనా?

ఈ ప్రశ్న పాతదే. 303లో రోమా చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల మీద హింస మొదలుపెట్టినప్పుడు, కొందరు బిషప్పులు ప్రాణభయంతో లేఖనాల ప్రతులను అధికారులకు అప్పగించారు. హింస ఆగాక ఉత్తర ఆఫ్రికాలో పెద్ద గొడవ లేచింది. అలాంటి బిషప్పు చేయి ఉంచి నియమించినవాడు బిషప్పు అవుతాడా, అతనిచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా? చెల్లదన్నవాళ్ళు విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. డోనటిస్టులంటారు వాళ్ళను. వందేళ్ళకు పైగా నడిచింది ఆ చీలిక. ఆ ప్రాంతపు బిషప్పే అయిన అగస్టీను వాళ్ళకు జవాబు రాశాడు: బాప్తిస్మం ఇచ్చేది క్రీస్తు, చేతులు ఎవరివైనా సరే. 411లో అక్కడి కార్తేజి నగరంలో రెండు పక్షాల బిషప్పులూ వందల్లో కూడి వాదించుకున్నారు. (డోనటిస్టుల మీద ప్రభుత్వం బలప్రయోగం చేయడాన్ని అగస్టీను సమర్థించాడు. అది నాకు మింగుడుపడదు. మంచి జవాబు చెప్పినవాడు ప్రతిదీ మంచే చేస్తాడని లేదు.)

ఆ జవాబు మన సంఘాల నియమాల్లోకి కూడా వచ్చింది. ఇంగ్లండు సంఘపు 39 నియమాల్లో 26వది సరిగ్గా ఇదే చెబుతుంది: పరిచారకుడి దుష్టత్వం వల్ల బాప్తిస్మం లాంటి సంస్కారాల ఫలం పోదు. అక్కడితో ఆగలేదు. అలాంటి పరిచారకుల మీద విచారణ జరగాలి, దోషమని తేలితే పదవి నుంచి తీసేయాలి అని కూడా అదే నియమంలో ఉంది. కాబట్టి మీ బాప్తిస్మం చెల్లుతుంది. అది చెల్లుతుంది కాబట్టి ఆయన్ను కొనసాగనివ్వాలన్న వాదన మాత్రం చెల్లదు. కొళాయి తుప్పు పట్టినా మీ దాహం తీర్చింది నీళ్ళే. అలాగని తుప్పు కొళాయిని మార్చకుండా ఉంచుకోం కదా.

క్షమించడం, మళ్ళీ పదవిలో కూర్చోబెట్టడం

ఈ రెంటినీ కలిపేసి ఒత్తిడి తెస్తారు. నాయకుడు కన్నీళ్ళతో మైకు ముందు రెండు మాటలు మాట్లాడగానే "క్షమించాం కదా, ఇక మొదలుపెడదాం" అంటారు. క్షమాపణ ఉచితంగా ఇవ్వవచ్చు, పదవి మాత్రం అలా ఇచ్చేది కాదు. సంఘ అధ్యక్షుడు నిందారహితుడై ఉండాలని, బయటివాళ్ళ దగ్గర కూడా మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలని 1 తిమోతి 3 అడుగుతుంది. దావీదు పాపం పరిహారమైందని నాతాను ఆ పూటే చెప్పాడు, దాని పర్యవసానాలు మాత్రం దావీదు ఇంట్లో చివరిదాకా ఉన్నాయి. పేతురు మళ్ళీ నిలబడ్డాడు నిజమే, అతను బొంకింది తన ప్రాణం కోసం, మంద ప్రాణం తీయలేదు. మందను తిన్న కాపరుల గురించి యెహెజ్కేలు 34 ఏమంటుందో చదవండి. వాళ్ళను మంద మేపడం మాన్పించి, "నేనే నా గొఱ్ఱెలను వెదకుతాను" అంటాడు దేవుడు.

క్షమాపణ ఎప్పుడు, ఎలా అన్నది గాయపడినవాళ్ళు దేవునితో తేల్చుకునే విషయం. వాళ్ళ తరఫున మిగతావాళ్ళం క్షమించేయలేం.

నాయకుడి భార్యాపిల్లల్ని మర్చిపోకండి. వాళ్ళకు ఒక్క రోజులో ఇల్లు, జీతం, స్నేహితులు, ఆదివారం, అన్నీ పోతాయి. మొదటి నెల ఎంతోమంది వాళ్ళ ఇంటి వైపు కూడా చూడరు. ఒకరిద్దరు ఆడవాళ్ళు వెళ్ళండి, ఏం జరిగిందని అడగొద్దు. పిల్లల స్కూలు ఫీజు సంగతేమిటో మాత్రం అడగండి.

పిల్లలతో

"అయ్యగారు ఊరెళ్ళారు" అని చెప్పకండి. వాళ్ళకు మనకంటే ముందే తెలుస్తుంది. మన అబద్ధం కూడా తెలుస్తుంది. ఆ అబద్ధమే రేపు దేవుని మీద నమ్మకానికి చిల్లు పెడుతుంది. నేను మా పిల్లలకు చెప్పింది దాదాపు ఇది: "అయ్యగారు చేయకూడని పని చేశారని పెద్దవాళ్ళకు తెలిసింది. అందుకే ఇప్పుడు బోధించడం లేదు. అందులో పిల్లల తప్పేమీ లేదు. ఎవరైనా పెద్దవాళ్ళు, ఎంత గొప్పవాళ్ళయినా సరే, మీకు భయం వేసే పని చేసినా, రహస్యంగా ఉంచమని చెప్పినా నాకు గానీ అమ్మకు గానీ చెప్పండి. మేం నమ్ముతాం." తర్వాత సమూయేలు పాఠం పూర్తిగా చెప్పాను, ఎప్పుడూ ఆపే చోట ఆపకుండా. దేవుడు ఆ రాత్రి ఒక పిల్లవాడికి అప్పగించింది పెద్ద యాజకుడి ఇంటి మీద తీర్పు మాట. పొద్దున్నే చెప్పడానికి సమూయేలు భయపడ్డాడు. ఏమీ దాచకుండా చెప్పమని ఏలీయే అడిగాడు. ఏలీ చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఉండాలా, వెళ్ళాలా

వెళ్ళిపోయినవాణ్ణి విశ్వాసఘాతకుడని, ఉండిపోయినవాణ్ణి తోడుదొంగ అని అనడం రెండూ పొరపాటే. నేను ఉండిపోయాను. నాకు ప్రాణస్నేహితురాలైన ఒకామె వెళ్ళిపోయింది. ఇద్దరం ఇప్పటికీ ఫోనులో కలిసి ప్రార్థిస్తాం.

నేను చూసే గుర్తులు చెబుతాను. అడిగినవాళ్ళకు జవాబు వస్తోందా, లేక వాళ్ళకే శిక్ష పడుతోందా? బాధితులు ఆరాధనకు రాగలుగుతున్నారా, లేక వాళ్ళే దూరం పెట్టబడ్డారా? లెక్కలు తెరిచారా? దియొత్రెఫే అనే ఒకణ్ణి గురించి యోహాను మూడో పత్రికలో ఉంది: ప్రధానత్వం కోరుకున్నాడు, సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకునేవాళ్ళను సంఘంలో నుంచి వెలివేశాడు. అడిగినవాణ్ణల్లా వెలివేసే చోట మీరెంతకాలం నిలబడినా మారేది తక్కువ. అక్కడినుంచి కుటుంబాన్ని తీసుకుని వేరే సహవాసానికి వెళ్ళడం దేవుణ్ణి వదలడం కాదు. వెళ్ళేటప్పుడు కారణం ఒక ఉత్తరంలో రాసి పెద్దలకు ఇవ్వండి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ ప్రసంగాలు వినడం కొన్నాళ్ళకు సరే, అలసిన ప్రవక్త ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చింది కూడా నిద్ర, ఆహారమే. కానీ ఏలీయా ఆ తర్వాత చేరిన గుహలాంటి చోటే కాపురం పెట్టవద్దు. బయలు దేవతకు మోకాలు వంచని ఏడు వేలమంది ఉన్నారని ఏలీయాకు చెప్పాల్సి వచ్చింది. ఒంటరిగా ఉన్నవాడికి అది కనబడదు.

ఖాళీ కుర్చీ దగ్గర తొందరపడకండి

నాయకుడు లేని ఖాళీ భరించడం కష్టం. మోషే కొండ మీద ఆలస్యం చేసినందుకే జనం బంగారు దూడను చేయించుకున్నారు. కొత్త పాస్టరు కోసం మొదటి నెలలోనే హడావిడి చేసే సంఘం, తన భయానికి మందు వెతుక్కుంటోంది. బాగా మాట్లాడేవాడు, గట్టిగా అరిచేవాడు, "అన్నీ నాకు వదిలేయండి" అనేవాడు, సరిగ్గా అప్పుడే ప్రత్యక్షమవుతాడు. "త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణ చేయకుము" అని 1 తిమోతి 5:22. చేతులుంచి పదవిలో నియమించడమే హస్తనిక్షేపణ.

యేసును అప్పగించిన యూదా స్థానం ఖాళీ అయినప్పుడు ఏం జరిగిందో చూడండి. ఇంచుమించు 120 మంది కూడిన చోట పేతురు లేచి, మొదట యూదా ఏం చేశాడో ఉన్నదున్నట్టు చెప్పాడు. మనలో ఒకడిగా లెక్కించబడ్డాడని కూడా చెప్పాడు. తర్వాతే ఇద్దరి పేర్లు ముందుకొచ్చాయి, ప్రార్థన జరిగింది, మత్తీయ ఎంపికయ్యాడు. నిజం చెప్పడం ముందు, నియామకం వెనుక.

అపొస్తలుల కార్యములు 6 కూడా చదవండి. రోజువారీ సహాయం పంచడంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. సణిగినందుకు అపొస్తలులు వాళ్ళను తిట్టలేదు. ఎన్నుకున్న ఏడుగురి పేర్లు చూస్తే, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనా, నీకొలాసు, అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవాళ్ళ వైపు నుంచే బాధ్యులను పెట్టినట్టు కనిపిస్తుంది. మీ సంఘం కొత్త కమిటీ వేసేటప్పుడు ఈ జాబితా దగ్గర పెట్టుకోండి. మొదట నోరు విప్పి అందరితో తిట్లు తిన్న ఆ ఒకరిద్దరు అందులో ఉన్నారో లేదో చూడండి.

కొత్త కాపరి వచ్చాక, మొదటి నెలలోనే విచారణ నివేదిక ఆయన చేతిలో పెట్టండి, చదివాక పెద్దలతో కూర్చోమని అడగండి. తన మీద ఫిర్యాదు వస్తే అది ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆయన చేతే రాయించి, ఆ పేరు, ఫోను నంబరు నోటీసు బోర్డు మీద అంటించండి. కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర ఇద్దరికి తగ్గకుండా ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు.